ఎర్ర తేలును మా ఊరి రిజిస్టరులో రాయండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జీవవైవిధ్య మండలి అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయినవాణ్ణి. మాది కర్నూలు జిల్లాలో కోడుమూరుకు దగ్గరలో ఉన్న ఒక మెట్ట ఊరు. పోయిన వేసవిలో వేరే పని మీద పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, పనిలో పనిగా మా ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, అంటే ఊళ్లో ఉండే చెట్లూ జంతువులూ రాసిపెట్టే పుస్తకం, చూపించమన్నాను. బీరువా అడుగు నుంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చారు. వేప ఉంది, కానుగ ఉంది, రేల ఉంది. నెమలి, నక్క, కుందేలు, జింక ఉన్నాయి. పాముల్లో నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు. తేలు లేదు. రెండుసార్లు తిరగేశాను. లేదు.

మా ఊళ్లో తేలును చూడని మనిషి లేడు. జింకను చూసినవాళ్లు ఎందరున్నారో మాత్రం చెప్పలేను.

ఆ ఒక్క పేజీ కోసం ఇంత పెద్ద ఉత్తరమా అనుకోకండి. ఆ పేజీ లేకపోవడం వల్ల ఏం జరిగిందో, ఇంకా ఏం జరగబోతోందో చెప్పడానికి కాస్త చోటు కావాలి.

మా వైపు తేలంటే భయమూ ఉంది, భక్తీ ఉంది. శ్రావణమాసం మూడో సోమవారం కోడుమూరు కొండలరాయుడి కొండకు వస్తే మీరే చూస్తారు. జనం రాళ్లెత్తి, కింద దాక్కున్న తేళ్లను చేత్తో పట్టి స్వామికి సమర్పిస్తారు. అరచేతిలో, ముఖం మీద పాకించుకునేవాళ్లు ఉంటారు, వాళ్లలో పిల్లలూ ఉంటారు. ఆ రోజు కుట్టదని నమ్మకం. కుట్టినా గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తే నొప్పి తగ్గుతుందంటారు. సరిహద్దు దాటి యాదగిరి జిల్లా కందకూరుకు వెళ్తే అక్కడి కొండ మీద నాగపంచమికి ఇలాంటి సంబరమే జరుగుతుంది. టీవీల వాళ్లు వచ్చి, వింత అని చూపించి వెళ్లిపోతారు. ఆ కొండ మీద దొరికేవి ఏ జాతి తేళ్లు, నిరుటికీ ఇప్పటికీ తగ్గాయా పెరిగాయా అని అడిగిన కెమెరాను నేను చూడలేదు. నేను కూడా అన్నేళ్లు పాఠం చెప్పి, ఒక్క బ్యాచ్‌నైనా ఆ కొండకు తీసుకెళ్లి లెక్క పెట్టించలేదు. ఆ తప్పు నాదే.

ఇక భయం సంగతి. 1979 మే నెల. మా చిన్నాన్న కొడుకు, ఎనిమిదేళ్లవాడు, సెనక్కాయ మూటల సందులో పడ్డ గోళీ కోసం చెయ్యి పెట్టాడు. కుట్టింది వేలెడంత లేదు, పాత బెల్లం రంగు, సన్నటి డెక్కలు. అమ్మ చింతగింజ అరగదీసి అతికించింది. మంత్రం వేసే ఆయన వచ్చాడు. కాసేపటికి పిల్లాడు నొప్పి అనడం మానేశాడు. అందరూ తగ్గిందనుకున్నారు. కానీ చెమట మాత్రం చొక్కా పిండితే కారేట్టుగా పట్టింది. వాంతులు మొదలయ్యాయి. మే నెల ఉక్కలో కాళ్లు చేతులు చల్లబడ్డాయి. బండి కట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారింది. అలర్జీ ఇంజెక్షన్ చేసి సెలైన్ పెట్టారు. మధ్యాహ్నానికి నోట్లోంచి గులాబీ రంగు నురగ వచ్చింది. సాయంత్రం దాకా లేడు.

ఆ డాక్టరును నేను తప్పు పట్టను. ఏం చేయాలో అప్పటికి పుస్తకాల్లో లేదు. ఆ పుస్తకం రాయబోయే మనిషి అదే సమయంలో మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా బిర్వాడి అనే పల్లె ఆరోగ్య కేంద్రంలో ఇలాంటి పిల్లల మంచాల పక్కనే కూర్చుని ఉన్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. ఎర్ర తేలు కుట్టినవాళ్లు చనిపోయేది నొప్పితో కాదని, గుండె దెబ్బతిని ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్లనని గమనించి, దాని తొలి గుర్తులేమిటో 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత ప్రాజోసిన్ అనే చవక బీపీ మాత్ర వాడి చూశారు. నూటికి నలభై మంది పోయేచోట మరణాలు ఒక శాతం దగ్గరికి దిగాయి. 2011లో 70 మంది రోగుల మీద చేసిన అధ్యయనంలో, ప్రాజోసిన్‌తో పాటు తేలు విషానికి విరుగుడు మందు కూడా ఇస్తే ఇంకా చాలా త్వరగా కోలుకుంటారని తేల్చారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా తమ్ముడి కాలానికి ఆ మాత్ర షాపుల్లో ఉండి ఉండవచ్చు. దేనికి పనికొస్తుందో చెప్పేవాళ్లే లేరు.

ఆ రాత్రి వాడి ఒంట్లో ఏం జరిగిందో తర్వాత క్లాసులో ఎన్నోసార్లు బోర్డు మీద గీశాను. నరం గోడలో సోడియం అయాన్లు దూరే సన్నటి తలుపులుంటాయి. రెప్పపాటులో తెరుచుకుని మూసుకోవాలి. విషంలోని కొన్ని చిన్న ప్రొటీన్లు ఆ తలుపు మూతపడకుండా కాలు అడ్డం పెడతాయి. నరం ఆపకుండా మోగుతూనే ఉంటుంది. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వరదలా రక్తంలోకి వస్తాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, అందుకే కాళ్లు చేతులు చల్లబడేది. గుండె ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. ప్రాజోసిన్ పోయి ఆ బిగుసుకున్న నాళాలను వదులు చేస్తుంది.

బోర్డు మీద గీసిన ఆ తలుపు దగ్గరే మందుల కథ కూడా మొదలవుతుంది. మన ఒంట్లో సోడియానికి, పొటాషియానికి, కాల్షియానికి ఇలాంటి తలుపులు ఎన్నో రకాలున్నాయి. నొప్పి, మూర్ఛ, బీపీ, గుండె లయ తప్పడం, కొన్ని రోగనిరోధక జబ్బులు, వీటన్నిటి వెనుక ఏదో ఒక తలుపు ఉంటుంది. మందు తయారు చేసేవాడి తలనొప్పి ఏమిటంటే, ఒక తలుపును పట్టుకోబోతే పక్కన ఉన్న పది తలుపులూ చేతికి తగులుతాయి. తేలు కోట్ల సంవత్సరాలుగా చేస్తున్న పని సరిగ్గా ఒక తలుపును గుర్తుపట్టి పట్టుకోవడమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1990లో అమెరికాలో మెర్క్ కంపెనీ పరిశోధకులు మన ఎర్ర తేలు విషంలోంచి 37 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్‌ను వేరు చేశారు. రక్తనాళాల కండరాల్లో, మూత్రాశయంలో, నరాల్లో ఉండే ఒక పెద్ద పొటాషియం ద్వారాన్ని అది గురి తప్పకుండా మూసేస్తుంది. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడ ఆ ద్వారం మీద ప్రయోగం చేసినా ఈ ప్రొటీన్ పొడి తెప్పించుకోవాల్సిందే. మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు. దానికి పెట్టిన పేరు ఐబీరియోటాక్సిన్. ఐబీరియా అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం. ఆ గడ్డ మీద ఈ తేలు లేదు! ఇది మన దక్కన్ మెట్ట భూముల తేలు. 1798లో ఫాబ్రిసియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త తమిళదేశాన్ని తలుచుకుని దీనికి టామ్యులస్ అని పేరు పెట్టాడు. ఆ పేరు మీదనే 2002లో ఇదే విషంలో దొరికిన, 31 అమైనో ఆమ్లాల మరో ప్రొటీన్‌కు టామాపిన్ అన్నారు. పోనీలే, ఒకదానిలోనైనా ఊరి వాసన మిగిలింది.

దీన్ని దొంగతనం అనడం లేదు. 1990లో అడ్డు చెప్పే చట్టమే లేదు. ఒక దేశపు జీవుల్ని వాడుకుంటే అనుమతి అడగాలి, లాభంలో వాటా ఇవ్వాలి అనే జీవవైవిధ్య ఒప్పందం రియోలో కుదిరింది 1992లో, అమల్లోకి వచ్చింది 1993 డిసెంబరు చివర్లో. మన జీవవైవిధ్య చట్టం 2002 నాటిది. అడిగేవాడు లేనప్పుడు తీసుకున్నవాణ్ణి ఏమని నిందిస్తాం? ఇప్పుడు చట్టం ఉంది, మండలి ఉంది, ప్రతి పంచాయతీకి కమిటీ ఉంది. అయినా రిజిస్టరులో తేలు లేదు. నా బాధ అది.

విషం నుంచి మందు అంటే నవ్వేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో బీపీ ఉన్నవాళ్ల మాత్రల డబ్బా తెరిచి చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ అని పేరు చివర 'ప్రిల్' ఉన్నవి కనిపిస్తే, వాటి వంశానికి మూలపురుషుడు కాప్టోప్రిల్. దాని మూలం రక్తపింజర కుటుంబానికి చెందిన బ్రెజిల్ పాము, జరారాకా. ఆ విషం బీపీని ఎలా పడగొడుతుందో 1960లలో వెతికినవాడు బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరైరా. మందు చేసి 1981లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నది స్క్విబ్ కంపెనీ.

తేలు ఇంకా అక్కడిదాకా రాలేదు. పరీక్షలన్నీ దాటి కేన్సర్‌కో నొప్పికో మందుగా షాపులో కూర్చున్న తేలు ప్రొటీన్ లేదు. విరుగుడు సీరం ఒక్కటే ఉంది. కానీ దారిలో ఉన్నవాటిని చూస్తే ఊరుకోబుద్ధి కాదు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో ఉండే పసుపు తేలు విషంలో 36 అమైనో ఆమ్లాల క్లోరోటాక్సిన్ ఉంది. అది మెదడు కణితి కణాలకు అతుక్కుంటుంది, మామూలు కణాలను పెద్దగా పట్టించుకోదు. సియాటిల్‌లో పిల్లల కేన్సర్ డాక్టర్ జిమ్ ఓల్సన్ బృందం దానికి మెరిసే రంగు జతచేసి, ఆపరేషన్ టేబుల్ మీద కణితి ఎక్కడ ఆగిందో, మంచి మెదడు ఎక్కడ మొదలైందో సర్జన్ కంటికి కనపడేలా చేయాలని 2007 నుంచి తంటాలు పడుతోంది. మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. కణితిని కోసేటప్పుడు పొరపాటున ఒక మిల్లీమీటరు ఎక్కువ కోస్తే పిల్లాడికి మాట పోవచ్చు, చూపు పోవచ్చు. ఆ మిల్లీమీటరు కోసమే ఇంత శ్రమ.

నాకు ఇంకా నచ్చింది మెక్సికో సంగతి. అక్కడి జాతీయ విశ్వవిద్యాలయంలో లూరివాల్ పొస్సానీ అనే పెద్దాయన ఎన్నో దశాబ్దాలుగా తేళ్లనే నమ్ముకుని ఉన్నారు. వెరాక్రూజ్ రాష్ట్రంలో దొరికే ఒక తేలు విషం గాలి తగలగానే రంగు మారడం ఆయన బృందం కంటపడింది. స్టాన్‌ఫర్డ్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ జేర్‌తో కలిసి చూస్తే రెండు కొత్త పదార్థాలు బయటపడ్డాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. ఎర్రది స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాను చంపింది. నీలిది టీబీ బ్యాక్టీరియాను, మందులకు లొంగని రకంతో సహా. 2019లో ప్రచురించారు. ఇక్కడ గమనించాల్సింది, తేలు ఎక్కడిదో, పట్టిందెవరో, తొలి పరిశీలన ఏ దేశం ల్యాబులో జరిగిందో అన్నీ కాగితం మీద ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ వచ్చినా మెక్సికో పేరు చెరిగిపోలేదు. టీబీ మందు అంటే మనకే కదా ఎక్కువ అవసరం. కోడుమూరు కొండ తేలు విషానికి గాలి తగిలితే ఏ రంగు వస్తుందో చూసినవాళ్లున్నారా?

శాస్త్రం ఇలా నెమ్మదిగా నడుస్తుంటే, వాట్సాప్ దాన్ని దాటి పోయింది. తేలు విషం లీటరు ఇన్ని కోట్లు అని ఒక వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఒక తేలు తోకకు సన్నగా కరెంటు తగిలిస్తే వచ్చేది ఒక చిన్న బొట్టు, అది ఎండితే మిల్లీగ్రాములో కొంత వంతు. మళ్లీ నిండడానికి రోజులు పడుతుంది. లీటరు మాట ఎత్తినవాడు తేలును దగ్గరగా చూసి ఉండడు. మూడేళ్ల కిందట మా ఊరికి ఇద్దరు వచ్చి, నల్లవి, బరువైనవి తెస్తే వేలల్లో ఇస్తామన్నారు. కుర్రాళ్లు వారం రోజులు గట్లన్నీ తవ్వి మండ్రగబ్బలను డబ్బాల్లో నింపారు. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు. మూత బిగించిన డబ్బాల్లో అవి చచ్చిపోయాయి. దీనిలో ఇంకో నవ్వులాట కూడా ఉంది. మండ్రగబ్బ పెద్ద డెక్కలతో భయపెడుతుంది గాని దాని విషం మనిషికి పెద్ద ప్రమాదం కాదు. డెక్కలు సన్నగా, తోక లావుగా ఉన్న చిన్న ఎర్రదానితోనే జాగ్రత్తగా ఉండాలి. ప్రయోగశాలలు వెతికిందీ దాన్నే. తేలు మంత్రం తెలియనివాడు పాముపుట్టలో చెయ్యి పెట్టాడంటారే, అలాంటి వ్యాపారం.

కేన్సర్ రోగుల ఇళ్లలో ఇంకో రకం టెన్షన్. క్యూబా నీలి తేలు పేరుతో హోమియో చుక్కలు తెప్పించమంటావా అని మా బంధువు ఒకామె ఫోన్ చేసింది. సీసా మీద 30సీహెచ్ అని ఉందట. వందో వంతుకు పలుచన చేయడాన్ని ముప్పై సార్లు చేస్తే ఆ సీసాలో ఒక్క విషపు అణువు కూడా మిగిలే అవకాశం లేదని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. అడిగింది ఆమె, బాధపడింది నేను.

అందుకే మీకు రాస్తున్నాను. తేలును ఎవరూ పట్టించుకోకపోతే ఇలాంటివాళ్లే పట్టించుకుంటారు.

మనకు దారి చూపినవాళ్లు పక్కనే ఉన్నారు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుళర్ అనే గిరిజన తెగవాళ్ల పాములు పట్టే సహకార సంఘం 1978లో మొదలైంది. పాము తోళ్ల వ్యాపారం మీద నిషేధం వచ్చి పొట్ట గడవనివాళ్లు, ప్రభుత్వ అనుమతితో పాములు పట్టి, విషం తీసి, గుర్తు వేసి, మళ్లీ అడవిలో వదిలిపెడతారు. దేశంలో పాముకాటు మందుకు ఆ విషమే పెద్ద ఆధారం. ఇద్దరు ఇరుళర్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మన నెల్లూరు, తిరుపతి వైపు యానాదులకు ఏ రాయి కింద ఏముంటుందో తెలియదా? కోడుమూరు కొండ మీద పదేళ్ల పిల్లకు కూడా తెలిసిన పని అది. తేళ్లకు అలాంటి సంఘం ఒకటి మన రాష్ట్రంలో ఎందుకు ఉండకూడదు?

ఇక్కడ నన్ను నేనే ఒక ప్రశ్న అడుగుతాను, ఎందుకంటే మీ ఆఫీసులో ఎవరైనా అడుగుతారు. ఒక్కసారి ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాల వరుస తెలిసిపోతే దాన్ని ల్యాబులోనే తయారు చేస్తారు కదా, ఇక తేలుతో, ఊరితో పనేమిటి? నిజమే. ఐబీరియోటాక్సిన్‌ను ఇప్పుడు అలాగే చేస్తున్నారు. ఊరికి బేరమాడే శక్తి ఉండేది మొదటి చుక్క ఊరు దాటే దాకానే. ఆ తర్వాత మిగిలేది కంప్యూటర్లో ఉన్న అక్షరాల వరుస. ఆ అక్షరాలకు కూడా వాటా ఉండాలని ప్రపంచ దేశాలు వాదించుకుని, 2025 ఫిబ్రవరిలో కొలంబియాలోని కాలీ నగరం పేరుతో కాలీ నిధి అని ఒకటి మొదలుపెట్టాయి. కంపెనీలు ఇష్టపడి ఇస్తేనే అందులో డబ్బు పడుతుంది. కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలన్నది మాట. రేపు ఎవరైనా వాటా అడగాలంటే, ఈ తేలు మాది, ఫలానా కొండది, ఫలానా సంవత్సరం రాసుకున్నాం అని చూపించే కాగితం ఉండాలి కదా. మన ఎర్రచందనం రైతులకు ఈ చట్టం కింద వాటా అందిందంటే, ఆ చెట్టు ఎక్కడిదో ఎవరికీ సందేహం లేకపోవడం వల్లే.

వాటా అంటే డబ్బే కానక్కర్లేదు. ఒకే జాతి ఎర్ర తేలైనా ప్రాంతాన్ని బట్టి విషం కూర్పు మారుతుంది. ఒక చోటి తేలు విషంతో చేసిన విరుగుడు ఇంకో చోట అంతే గట్టిగా పనిచేస్తుందని చెప్పలేం. మన తేలు విషం అడిగి వచ్చిన కంపెనీకి గాని, సంస్థకు గాని మొదటి షరతు ఇది పెట్టండి: మా ప్రాంతపు విషానికి మీ విరుగుడు పనిచేస్తుందో లేదో పరీక్షించి చెప్పండి, సరఫరా అయ్యే మందులో మా తేలు కూడా ఉండాలి. ప్రతి పీహెచ్‌సీలో ప్రాజోసిన్ ఉండేలా చూడటం మీ శాఖ పని కాదని నాకు తెలుసు. వైద్య ఆరోగ్య శాఖకు వేరే ఉత్తరం రాశాను, దాని సంగతి దానిది.

మిమ్మల్ని అడిగేది ఇంతే. ఈ ఏడాది కర్నూలు, నంద్యాల, అనంతపురం జిల్లాల్లో కొన్ని పంచాయతీలైనా ఎంచుకుని, రిజిస్టరులో తేళ్లకు పేజీ పెట్టించండి. ఊళ్లో పిలిచే పేరు, జాతి, ఎక్కడ ఉంటుంది, కుడితే ఏం చేస్తారు, మంత్రంతో సహా రాయించండి. జాతి గుర్తించడానికి శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో పిల్లలున్నారు, వాళ్లకూ ప్రాజెక్టులు కావాలి. బేతంచెర్ల నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్లను తప్పకుండా అడగండి, వాళ్లకు తెలిసినంత మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత పట్టేవాళ్ల సంఘం మాట. కంపెనీ వచ్చాక పెట్టే సంఘం కంపెనీదే అవుతుంది, కాబట్టి ముందే పెట్టండి. తెలంగాణ మండలి వారు ఇది చదివితే, తాండూరు బండల కింద ఉన్నవీ మా వాటికి చుట్టాలేనని మనవి.

లెక్క పెట్టడం కష్టమేమీ కాదు. తేలు ఒంటి మీద అతినీలలోహిత కాంతి పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. నాలుగైదు వందల రూపాయల యూవీ టార్చి చాలు. జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు రాత్రి నేనూ నా మనవరాలూ బూట్లు వేసుకుని మా చేను గట్టు మీద నడిచాం. తొమ్మిది నుంచి పది దాకా, పదిహేడు కనిపించాయి. పద్నాలుగు ఎర్రవి. మనవరాలు తేదీతో సహా నోటు పుస్తకంలో రాసింది, పక్కన బొమ్మ కూడా వేసింది, తోక కొంచెం పెద్దదయింది.

శ్రావణం మూడో సోమవారానికి ముందు రాత్రి కొండ కింద ఉంటాం. మీ వాళ్లను ఎవరినైనా పంపండి. బూట్లు మర్చిపోవద్దని చెప్పండి, టార్చి మా దగ్గర ఒకటే ఉంది, ఇంకోటి తెచ్చుకోమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
కర్నూలు జిల్లా